ఆగొద్దు అని రాసింది నేనే

డాలస్‌కు ఉత్తరాన ఉండే మా నలభై చిల్లర తెలుగు కుటుంబాలకు ఉమ్మడిగా ఒక ఎక్సెల్ షీటు ఉంది. 2017 మార్చిలో మొదలుపెట్టాం. ప్లేనో నుంచి గ్రాండ్ కాన్యన్‌కు కారులో పోయేటప్పుడు దారిలో ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ ఆగకూడదు అన్నది అందులో రాసుకుంటాం. ఆగదగ్గ ఊరికి పచ్చగడి, చూసుకుని దిగాల్సిన ఊరికి పసుపుగడి, అసలు దిగకూడనిదానికి ఎర్రగడి. న్యూ మెక్సికోలోని టూకుమ్‌కేరీకి ఎదురుగా ఎర్రగడిలో ఇలా ఉండేది: ‘పాడుబడ్డ ఊరు. సగం మోటళ్లు మూతబడ్డాయి. మనుషులు తేడాగా చూస్తారు. పెట్రోలు అమరిల్లోలోనే కొట్టించుకోండి. ఆగొద్దు.’

రాసింది నేనే. రాసేనాటికి ఎగ్జిట్ పక్కనున్న బంకు దాటి ఆ ఊళ్లోకి ఒక్క అడుగు వేసినవాణ్ణి కాదు. నా మాట నమ్మి ఏడేళ్లపాటు ఎన్ని కార్లు ఆ ఎగ్జిట్ తీసుకోకుండా పోయాయో లెక్క లేదు. ఒక్కరైనా ‘నువ్వు చూశావా?’ అని అడగలేదు. నేనూ వాళ్లు రాసినవాటిని అడగలేదు. ఒకరి గడిని ఒకరు ప్రశ్నించకపోవడం మాకు మర్యాద.

నా దగ్గరున్న సాక్ష్యం ఇంతే. 2009 వేసవిలో రెండు వ్యాన్లలో పోతూ ఆ బంకులో ఆగాం. ఎండ దంచేస్తోంది. పదకొండు మందిమి దిగి, డిక్కీ తలుపు పైకెత్తి, పాత చీర పరిచి, స్టీలు క్యారియర్లు విప్పాం. పులిహోర, పెరుగన్నం, మాగాయ ముక్క. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన తన ట్రక్కులో డీజిలు కొట్టించుకుంటూ మావైపే చూశాడు. పదకొండు మంది నిలబడి చేత్తో కలుపుకుని తింటుంటే కోనసీమలోనైనా చూస్తారు. మేం నవ్వలేదు, పలకరించలేదు, ఒక ముద్ద రుచి చూస్తావా అనలేదు. తింటుండగా ఎవరొచ్చినా ‘రండి, భోంచేద్దాం’ అనే ఇళ్లలో పెరిగినవాళ్లం. ఎనిమిదేళ్ల తర్వాత ఆ చూపే నా చేతిలో ‘తేడాగా చూస్తారు’ అయి కూచుంది.

2017లోనే ఎందుకు మొదలుపెట్టామంటే, ఆ ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను ‘నా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. ఆ వారం మా ఇళ్లలో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. బయట తెలుగులో గట్టిగా మాట్లాడకండి, చీకటి పడ్డాక చిన్న ఊళ్లలో పెట్రోలు కొట్టించుకోకండి అని వాట్సాప్‌లో రాసుకున్నాం. మా ఆవిడ కారు వెనకద్దం మీది వెంకటేశ్వరస్వామి స్టిక్కరు గోటితో గీకి తీసేసింది. సగమే ఊడింది, నామాలు మిగిలిపోయాయి. ఆ భయం నిజమైనదే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ రాత్రి హంతకుడికి అడ్డుపడబోయి తూటా తిన్న తెల్ల కుర్రాడు కూడా కాన్సస్‌లో ఉంటున్నవాడే. షీటులో కాన్సస్ మొత్తాన్నీ ఎర్రరంగుతో నింపినప్పుడు మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. రంగు పులమడం మొదలుపెడితే చెయ్యి ఆగదు. కాన్సస్ అయింది, ఓక్లహోమా పల్లెటూళ్లు అయ్యాయి, చివరికి ఏ పాపమూ ఎరగని టూకుమ్‌కేరీ వంతు వచ్చింది.

మేం పోయే ఇంటర్‌స్టేట్ 40 పక్కన, కొన్నిచోట్ల దాని కిందే, పాత రూట్ 66 ఉంది. 1926 నవంబరు 11న అధికారికంగా మొదలైన రోడ్డు అది. షికాగో నుంచి శాంటా మోనికా సముద్రపుటొడ్డు దాకా 2,448 మైళ్లు, ఎనిమిది రాష్ట్రాలు. మాకు అది టీషర్టు మీది బొమ్మగా తెలుసు. పిల్లలకు ‘కార్స్’ సినిమాగా తెలుసు. అమరిల్లో దగ్గర పొలంలో 1974లో ముక్కులు నేలలోకి దించి పాతిన పది కాడిలాక్ కార్లున్నాయి. వాటి మీద స్ప్రే రంగుతో పిల్లల పేర్లు రాయించి, ఫోటోలు దిగి, చేతులకు శానిటైజర్ రాసుకుని బయల్దేరతాం. ఆ తర్వాత గ్రాండ్ కాన్యన్ దాకా మాకు ఊళ్లుండవు, ఎగ్జిట్ నంబర్లే ఉంటాయి. తిరిగొచ్చి తెలుగు సంఘం సావనీర్‌కు వ్యాసం రాస్తాం. అలాంటివి నేను మూడు రాశాను. మూడింటిలోనూ కొలరాడో నది ఉంది, సూర్యాస్తమయం ఉంది. మధ్యలో తగిలిన మనిషి ఒక్కడూ లేడు.

ఇక మోటళ్ల సంగతి. ఇది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, కానీ దీన్ని వదిలేస్తే మిగతాదంతా పైపూత. వచ్చిన కొత్తలో డబ్బుల్లేక మొదలైన అలవాటు, డబ్బులొచ్చాకా పోలేదు. కౌంటరు దగ్గరికి ఒక మగాడూ ఒక ఆడమనిషీ పోయి ‘ఇద్దరం’ అంటాం. గది వెనకవైపు ఇమ్మంటాం. అరగంట తర్వాత వ్యాన్‌లో తలలు వంచుకుని కూచున్న మిగతా నలుగురూ ఒక్కొక్కరే లోపలికొస్తారు. పిల్లలకు అదొక ఆట. బాత్‌రూము గట్టు మీద కుక్కరు పెట్టి అన్నం వండుతాం. తాలింపు వేసే ముందు పొగ అలారానికి షవర్ క్యాప్ తొడుగుతాం. ఈ కిటుకు నాకు నేర్పినాయన ఇప్పుడు ఒక పెద్ద కంపెనీలో డైరెక్టరు. పొద్దున లేచేసరికి దుప్పటి మీద ఆవకాయ నూనె మరక, తివాచీ మీద పసుపు. రెండు తువ్వాళ్లు గిన్నెలు తుడవడానికి పనికొచ్చేవి, ఒకటి మాతో వచ్చేసేది కూడా. పైగా కౌంటరు వెనకాల మనదేశపు ముఖం కనిపిస్తే ‘ఇండియన్ డిస్కౌంట్ లేదా?’ అని బేరం.

ఆ ముఖం సాధారణంగా గుజరాతీది. ఈ దేశంలోని హోటళ్లు, మోటళ్లలో సగానికి పైగా భారతీయ మూలాలున్నవాళ్ల చేతుల్లో ఉన్నాయి, వాళ్లలో ఎక్కువమంది గుజరాతీలు. మేం వాళ్లను ‘మోటలోళ్లు’ అనేవాళ్లం. ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పుడు పెదవి కొంచెం వంకరపోయేది. మేం హెచ్1బీ మీద, చదువుకుని, మెడలో బ్యాడ్జీలు వేసుకుని వచ్చినవాళ్లం కదా. అర్ధరాత్రి రెండింటికి మేం గంట కొడితే చెప్పులు టపటపలాడించుకుంటూ లేచొచ్చి తాళమిచ్చినావిడ ఆ నిద్ర మళ్లీ ఎప్పుడు పోయేదో మాకెందుకు?

రెండేళ్ల కిందటి మార్చిలో, స్ప్రింగ్ బ్రేక్‌లో, గాలి మమ్మల్ని ఆ ఊళ్లో కూలేసింది. టెక్సస్ సరిహద్దు దాటాం. గడియారం గంట వెనక్కి పోయింది. గ్లెన్‌రియో అనే చచ్చిపోయిన ఊరు ఎడమపక్క కనబడీ కనబడకుండా జారిపోయింది. ఇంకో అరగంటకు నైరుతి దిక్కు నుంచి దుమ్ము లేచింది. ముందు ఆకాశం చింతపండు రసం రంగు తిరిగింది, తర్వాత ముందున్న ట్రక్కు వెనక దీపాలు మాయమయ్యాయి. ఇంటర్‌స్టేట్ మూసేశారు. పోలీసాయన చేతిలో దీపం ఊపుతూ అందరినీ ఎగ్జిట్‌లోకి మళ్లించాడు. ‘ఏ ఊరు?’ అంది మా ఆవిడ. చెప్పాను. ఆవిడ ఫోనులో షీటు తెరిచింది. నేను రాసిన గడిని నాకే చదివి వినిపించింది.

రూట్ 66 బౌలెవార్డ్ మీద నాలుగు మోటళ్లు దాటాక ఒకదానిలో దీపం వెలుగుతోంది. తలుపు తోస్తే అగరొత్తుల వాసన. కౌంటరు వెనక అరవై దాటినావిడ, స్వెటరు మీద చీర కొంగు, గోడకు స్వామినారాయణుడి పటం. ఎంతమంది అని హిందీలో అడిగింది. నలుగురం అన్నాను. ఈసారి నిజంగానే నలుగురం. ఆవిడ లేచి, అద్దంలోంచి మా కారువైపు చాలాసేపు చూసి, మళ్లీ కూచుంది. అప్పుడు కనిపించింది ఆవిడ భుజం వెనకాల గోడకు అంటించిన అట్టముక్క. ఇంగ్లీషులో ఒక వరుస, గుజరాతీలో ఒకటి, దాని కింద కంప్యూటరు ప్రింటుతో తెలుగులో: ‘గదులలో వంట లేదు. పొగ అలారం. 150 డాలర్లు.’

ఇంటి నుంచి దాదాపు 480 మైళ్లు వచ్చాక, అయిదు వేల జనాభా ఉన్న ఊళ్లో, నాకు ఎదురైన మాతృభాష అది. ఫోనుతో అనువాదం చేయించుకుని ఉంటుంది. తెలుగే అని ఆవిడకెలా తెలిసిందని అడగలేదు. ఎవరో మావాళ్లే గదిలో ఏదో వదిలేసి ఉంటారు, ఏ పచ్చడి ప్యాకెట్ మీదో అక్షరాలు చూసి పోల్చుకుని ఉంటుంది. మా అబ్బాయికి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, ఆదివారం బడిలో నేర్పించాం. వాడు పైకి చదివాడు. చదివి, మా చేతిలోని కుక్కరు సంచీవైపు చూశాడు.

మర్నాడు కూడా రోడ్డు తెరవలేదు. చేసేదేం లేక ఊళ్లో తిరిగాం. నేను రాసిన నాలుగు మాటల్లో ఒకటి నిజం: మోటళ్లు చాలానే మూతబడ్డాయి. కిటికీలకు చెక్కలు కొట్టి, గుర్తుబోర్డుల్లో నియాన్ గొట్టాలు ఊడిపోయి, ఈతకొలనులో మట్టి పోసి ఉన్నాయి. పాడుబడ్డ ఊరన్నది మాత్రం ఎగ్జిట్ నుంచి చూసినవాడి మాట. దగ్గరికెళితే గోడ గోడకీ బొమ్మలున్నాయి. కాంక్రీటుతో టీపీ గుడారం ఆకారంలో ముఖద్వారం కట్టిన ఒక కొట్టుంది, ఒకప్పుడది పెట్రోలు బంకు. మెక్సికన్ టోపీ ఆకారంలో గుమ్మం ఉన్న భోజనశాల ఉంది. కాలేజీవాళ్ల డైనోసార్ల మ్యూజియం ఉంది. అక్కడి అస్థిపంజరాల్ని కంచుతో పోతపోశారు, పిల్లలు చేత్తో తడమొచ్చు. హ్యూస్టన్ మ్యూజియంలో తాడు ఇవతల నిలబెట్టి ‘ముట్టుకోకు’ అని మేం వందసార్లు గదమాయించిన మా అబ్బాయి ఇక్కడ ఒక పన్ను మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఊరికి దక్షిణాన బల్లపరుపు కొండ. ఊరు పుట్టింది 1901లో, రైలు పట్టాలు వేసే కూలీల మకాంగా. తుపాకుల మోత ఎక్కువని తొలినాళ్లలో దాన్ని ‘సిక్స్ షూటర్ సైడింగ్’ అనేవారట. పాత రైలుస్టేషనుకు మరమ్మతు చేసి మ్యూజియంగా ఉంచారు.

ఆ రోడ్డు బతికున్న రోజుల్లో వందల మైళ్ల ముందు నుంచే బోర్డులుండేవి: ఈ రాత్రికి టూకుమ్‌కేరీ, రెండు వేల మోటల్ గదులు. 1960లో ఎనిమిది వేల పైచిలుకు జనం. తర్వాత ఇంటర్‌స్టేట్ వచ్చింది. ఊరి బయట నుంచి రోడ్డు పోతే మా గతేమిటని ఈ రాష్ట్రంలోని ఊళ్లు గొడవ చేస్తే, ఊరు ఒప్పుకోకుండా బైపాస్ వేయకూడదని 1963లో న్యూ మెక్సికో శాసనసభ చట్టమే చేసింది. కేంద్రం నిధులు ఆపేస్తామంది. చట్టం ఎత్తేశారు. 1981లో ఈ ఊరికి బైపాస్ పడింది. 1985 జూన్‌లో రూట్ 66 అనే నంబరునే జాతీయ పట్టికలోంచి తీసేశారు. 2020 జనాభా లెక్కల్లో ఈ ఊళ్లో 5,278 మంది తేలారు. రైలు మ్యూజియంలో ఉన్న పెద్దాయన ఇదంతా చెప్పి, బైపాస్ తెరిచిన మర్నాడు వాళ్ల నాన్న బంకులో పొద్దున నుంచి సాయంత్రం దాకా వచ్చిన కార్లు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాడు. రెండో చెయ్యి అవసరపడలేదు. ఆయనకూ టోపీ ఉంది. 2009 నాటి ముసలాయన ఈయనే అయ్యుంటాడా అని ఒక్క క్షణం అనిపించింది గానీ, అలాంటివి కథల్లోనే జరుగుతాయి.

బ్లూ స్వాలో అనే మోటల్ ముందు సాయంత్రం చాలాసేపు నిలబడ్డాం. 1939లో కట్టిందట. ప్రతి గదికీ ఆనుకుని కారు పెట్టుకునే చిన్న గ్యారేజీ. చీకటి పడగానే నీలం పిట్ట నియాన్ దీపాల్లో వెలిగింది. దీన్ని లిలియన్ రెడ్‌మన్ అనే ఆవిడ నలభై ఏళ్లు నడిపింది. చిన్నప్పుడు గుడారపు బండిలో ఈ రాష్ట్రానికి వచ్చిన మనిషి. రైలు భోజనశాలల్లో వడ్డించే హార్వీ గర్ల్‌గా పనిచేసింది. 1958లో కాబోయే భర్త నిశ్చితార్థం కానుకగా ఈ మోటల్ ఇచ్చాడు. ఆయన పోయాక కూడా 1998 దాకా నడిపింది. గది తీసుకున్న ప్రతివాళ్లకూ ప్రయాణం క్షేమంగా సాగాలని ఆశీర్వచనం అచ్చువేసిన కాగితం ఇచ్చేది. చేతిలో డబ్బుల్లేనివాళ్లను కూడా వెనక్కి పంపలేదంటారు. మా షవర్ క్యాపులు గుర్తొచ్చి నాకు ఆ నీలం పిట్టవైపు సూటిగా చూడబుద్ధి కాలేదు.

అసలు దెబ్బ తగిలింది అక్కడ కాదు. మధ్యాహ్నం ఒక కొట్లో అయస్కాంతాలూ కీచెయిన్లూ చూస్తుంటే మా పిల్ల ఒక సన్నటి పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. పాత పుస్తకానికి మళ్లీ వేసిన అచ్చు. గ్రీన్ బుక్. విక్టర్ హ్యూగో గ్రీన్ అనే నల్లజాతి పోస్ట్‌మన్ 1936లో న్యూయార్క్ హార్లెంలో మొదలుపెట్టాడు. నల్లవాళ్లు కారులో పోతే ఏ ఊళ్లో ఏ ఇంట్లో పడుకోనిస్తారు, ఎక్కడ అన్నం పెడతారు, ఎక్కడ బండి బాగుచేస్తారు అన్న జాబితా. యుద్ధం రోజుల్లో నాలుగేళ్లు ఆగిందే తప్ప 1960ల నడుమ దాకా వచ్చింది. ఎస్సో బంకుల్లో అమ్మేవారు. రూట్ 66 తగిలే 89 కౌంటీల్లో దాదాపు సగం, పొద్దుగుంకాక నల్లవాళ్లు కనబడకూడని చోట్లట. ఇక్కడికి పశ్చిమాన ఉన్న ఆల్బకర్కీలో 1950ల్లో ఈ రోడ్డు మీద వందకు పైగా మోటళ్లుంటే, వాళ్లను రానిచ్చినవి నూటికి ఆరు. పిల్ల అడిగింది: ‘నాన్నా, ఇది మన షీటే కదా?’

కాదని చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాను. ఎందుకు కాదో చెప్పాలంటే నన్ను నేనే పట్టివ్వాలి. గ్రీన్ పుస్తకంలో ఎర్రగడి లేదు. తలుపు తెరిచినవాళ్ల పేర్లు మాత్రమే ఉన్నాయి. చీకట్లో పోయేవాడికి దీపమున్న ఇల్లు చెప్పాడాయన. మేం దీపమున్న ఇంటిని కూడా చీకటని రాశాం. ఆయన రాసింది తన్నులు తిన్నవాళ్లు ఉత్తరాల్లో చెప్పిన సంగతులు. నేను రాసింది ఒక ముసలాయన పులిహోరవైపు చూసిన చూపు. ఇరవై అయిదేళ్లుగా ఈ దేశంలో ఉండి, ఇద్దరు పిల్లల్ని కని, పౌరసత్వం పరీక్షకు వంద ప్రశ్నలు బట్టీపట్టి, ఆ పుస్తకం పేరు మొదటిసారి వింటున్నాను. మా నలభై కుటుంబాల్లో ఎంతమందికి తెలుసో తర్వాత అడిగి చూశాను. అదే పేరుతో వచ్చిన సినిమా చూసినవాళ్లు ముగ్గురు. వాళ్లలో ఒకాయన అది పర్యావరణం గురించేమో అనుకుని టికెట్టు కొన్నాడు.

ఇది ఉత్త చరిత్ర తెలియకపోవడం అయితే ఇంత సిగ్గుపడను. మేం ఇక్కడ కాలు పెట్టగలిగిందే నల్లవాళ్ల వల్ల. ఈ రోడ్డు పుట్టడానికి మూడేళ్ల ముందు, 1923లో, భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఈ దేశపు సైన్యంలో పనిచేసి కూడా పౌరసత్వానికి పనికిరాడని సుప్రీంకోర్టు తేల్చింది, తెల్లవాడు కాదు కనక. 1946లో తలుపు ఓరగా తీసి, భారతీయులకు ఏడాదికి వంద మంది అన్నారు. మిగతా తలుపు తెరుచుకున్నది 1965 చట్టంతో. నల్లవాళ్లు లాఠీలూ కుక్కలూ జైళ్లూ భరించి ఆ దశాబ్దపు గాలిని మార్చకపోతే ఆ చట్టం రాదు, మా వీసా రాదు, మా ప్లేనో ఇల్లు రాదు. తెల్లవాళ్లకు కూడా ఈ రోడ్డు అన్నివేళలా రాచబాట కాలేదు. 1930ల్లో దుమ్ము తుఫాన్లకు పొలాలు పోగొట్టుకుని పడమటికి పోయిన బీదవాళ్లను, 1936లో లాస్ ఏంజెలిస్ పోలీసులు రాష్ట్ర సరిహద్దుల దాకా వచ్చి ‘జేబులో డబ్బులెన్ని?’ అని అడిగి వెనక్కి తరిమారు. గ్రీన్ తన పుస్తకం మొదలుపెట్టిన ఏడే. ఇంత జరిగిన దారిలో మేం ఇరవై ఏళ్లు తిరిగి పోగుచేసిన జ్ఞానం, ఎక్కడ వాష్‌రూము శుభ్రంగా ఉంటుందని.

మన భాషలో ఇది లేని విద్యా కాదు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారిలో తగిలిన ప్రతి మజిలీ గురించీ రాసిపెట్టాడు. ఊళ్లో ఇళ్లెన్ని, అంగళ్లున్నాయా, బావి నీళ్లు మంచివా, దారి ఇసకా రాళ్లా, మనుషులెలాంటివాళ్లు. పరివారంతో, పల్లకీలో పోయిన మనిషి. ఆయనకున్న అభిమానాలు ఆయనకున్నాయి. అయినా ఊరిని ఊరుగా చూశాడు. ఆయన పుస్తకం మా సంఘం లైబ్రరీలో రెండు ప్రతులున్నాయి. ఒకటి నేనే విరాళమిచ్చాను. చదివాననే అనుకుంటున్నాను.

రెండో రాత్రి ఆఫీసు గదిలో ఆ మోటల్ ఆవిడ మసాలా చాయ్ ఇచ్చింది. గుజరాతీవాళ్ల పద్ధతిలో బెన్ (అక్కా) అని పిలిచాను, భాయ్ అంది. వాళ్లు మొదట కొన్నది ఇక్కడ కాదు, ఇంకో రాష్ట్రంలో, 1980ల మొదట్లో. బీమా ఇవ్వడానికి కంపెనీలు వెనకాడేవి. ఎదురుగా ఉన్న మోటల్‌వాడు ఒక పొద్దున గుర్తుబోర్డు కింద ‘అమెరికన్ ఓన్డ్’ అని పెద్ద అక్షరాలు పెట్టించాడు. కార్లు ఇటు తిరగబోయి, ఆ అక్షరాలు చదివి, అటు తిరిగేవట. ఆవిడ భర్త రాత్రిళ్లు కుర్చీ వేసుకుని ఆ బోర్డువైపే చూస్తూ కూచునేవాడట. అప్పట్లో హైవేల వెంట ఇలాంటి బోర్డులు చాలానే ఉండేవి. ‘మరి మీరేం చేశారు?’ అన్నాను. ‘దుప్పట్లు ఉతికాం’ అంది.

నాకు షీటు గుర్తొచ్చింది. ఎదురుగా ఉన్నవాడు ఒక్క బోర్డే పెట్టాడు. మేం నలభై ఇళ్లవాళ్లం కలిసి, రంగు వేసి, ఏడేళ్లు తాజాగా ఉంచుతూ వచ్చాం. ఆవిడ దీపం ఆ ఎర్రగడి లోపలే వెలుగుతోంది. చెప్పకుండా ఉండొచ్చు. చాయ్ అయిపోయాక చెప్పేశాను. షీటు తెరిచి చూపించాను. ఆవిడకు తెలుగు రాదు, రంగు అర్థమైంది. కళ్లజోడు పైకి జరిపి కాసేపు చూసింది. ఇది మార్చేస్తాను బెన్, మీ మోటల్ పేరు పెట్టి బాగా రాస్తాను, మావాళ్లంతా ఇక్కడే ఆగుతారు అన్నాను. ఇస్తున్నది వరమన్నట్టే ఉంది నా గొంతు.

ఆవిడ గ్లాసులు తీస్తూ, ‘ఊరి గురించి రాయి భాయ్. మా పేరు మాత్రం వద్దు. మీవాళ్లు వస్తే గదికి ఆరుగురు,’ అంది. కోపం లేదు గొంతులో. కరెంటు బిల్లు సంగతి చెప్పినట్టు చెప్పింది.

మూడో రోజు పొద్దున రోడ్డు తెరిచారు. గ్రాండ్ కాన్యన్ దాకా పోయే వ్యవధి లేక ఇంటికి మళ్లాం. గది ఖాళీ చేసేటప్పుడు మా ఆవిడ తువ్వాళ్లు లెక్కపెట్టి, మడతపెట్టి, మంచం మీద వరుసగా పేర్చింది. నేను షీటులో ఎర్రగడిని పచ్చగా మార్చి, వీరాస్వామిగారి పద్ధతిలో రాయబోయాను: ఇళ్లు, అంగళ్లు, మోటళ్లలో తెరిచినవెన్ని, మూసినవెన్ని, నీలం పిట్ట ఏ వేళకు వెలుగుతుంది, కంచు డైనోసార్లు, రైలు మ్యూజియంలో పెద్దాయన, గ్రీన్ పుస్తకం. గడిలో పట్టలేదు. మిగతాది పక్కగళ్లలోకి పాకింది. ‘బస’ అన్న వరుసలో మాత్రం ఏమీ రాయలేదు.

అమరిల్లో చేరకముందే గ్రూపులో మొదటి ప్రశ్న వచ్చింది. ‘బస ఖాళీగా వదిలేశారేంటండీ? మీరు దిగిన చోట రూములో కుక్కర్ పెట్టుకోనిస్తారా?’

కౌంటరు వెనకాలి అట్టముక్కను బయల్దేరేముందు ఫోటో తీసుకున్నాను. దాన్నే పంపాను. అరనిమిషంలో జవాబొచ్చింది: ‘వంట లేదు కాదండీ, వంట చేయరాదు అనాలి.’